ఒక సమాధి రాయి మీద నాలుగు భాషలు: పలెర్మోలో చూసొచ్చాను

వియన్నా వాసు
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. పోయిన వారం సిసిలీ దీవికి వెళ్ళొచ్చాను. దీనికి కారణం నిజానికి మా ఊళ్ళోనే ఉంది. వియన్నా రాజకోటలో చక్రవర్తుల నగలు, బట్టలు పెట్టిన ఖజానా ఉంది. అందులో ఎర్ర పట్టు మీద బంగారు జరీతో కుట్టిన పెద్ద ఉత్తరీయం ఒకటి. మధ్యలో ఖర్జూరం చెట్టు, దానికి అటో సింహం ఇటో సింహం, ఒక్కొక్కటీ ఒక ఒంటెను కిందపడేసి మీదెక్కి కూర్చుంది. యూరప్ చక్రవర్తులు వందల ఏళ్ళు పట్టాభిషేకానికి భుజాన వేసుకున్న బట్ట అది. తీరా చూస్తే అంచు పొడవునా అరబీ రాత! ముస్లింల లెక్కలో 528 హిజ్రీలో పలెర్మో రాజుగారి కార్ఖానాలో కుట్టారని ఉంది. అంటే 1133-34. రాజు రెండో రోజర్, నార్మన్ జాతివాడు (ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్ళు), క్రైస్తవుడు. ఇదెక్కడి తిరకాసు అని ఆ ఊరికే వెళ్ళాను.

అక్కడ జీజా అనే పాత రాజభవనంలో మ్యూజియం ఉంది. లోపల ఒక పాలరాతి పలక. మధ్యలో రంగురాళ్ళు పొదిగిన శిలువ. దానికి పైన హీబ్రూ, ఎడమ పక్క లాటిన్, కుడి పక్క గ్రీకు, కింద అరబీ. 1149 నాటిది. రోజర్ కొలువులో గ్రిసాంతో అనే ఫాదర్ తన తల్లి కోసం వేయించాడు. ఆమె పేరు అన్నా. ఆమె 1148 ఆగస్టులో పోయింది. ముందు పెద్ద చర్చిలో ఖననం చేశారు. మరుసటి ఏడాది మే నెలలో కొడుకు తాను కట్టించిన చిన్న గుడికి ఆమెను మార్చి, ఈ రాయి పెట్టాడు.

నా ప్రశ్న ఒక్కటే. తల్లి సమాధికి నాలుగు భాషలు ఎందుకు? ఎవరు చదవాలని? (ఫొటో తీశాను కానీ గాజు మీద నా బట్టతలే పడింది, అందుకే పెట్టట్లేదు.)

గుంటూరు ఘాటు
ఆదివారం, రాత్రి 9:32

వాసు అన్నా, మా వీధిలో పెద్దకర్మ ఫ్లెక్సీ వేస్తే ఒక్క తెలుగులోనే నాలుగు తప్పులుంటాయి. ఆ ఫాదర్ ఎవరో గానీ ప్రూఫ్ రీడింగుకే ఎంత టెన్షన్ పడ్డాడో.

లిపి పిచ్చి
ఆదివారం, రాత్రి 10:05

వాసుగారూ, చిన్న దిద్దుబాటు. లిపులు నాలుగే, భాషలు మాత్రం మూడు. పైన మీరు హీబ్రూ అన్నది హీబ్రూ అక్షరాల్లో రాసిన అరబీ. అరబ్బు దేశాల్లోని యూదులు ఇంట్లో, అంగట్లో మాట్లాడింది అరబీనే. రాసేటప్పుడు చిన్నప్పుడు బడిలో దిద్దిన అక్షరాలు వాడేవారు. మనం "బాగున్నావా" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వాట్సాప్‌లో పంపుతాం కదా, ఆ బాపతే. భాష ఒకటి, అక్షరం ఒకటి. ఈ రెండింటినీ ఒకటనుకోవడం ఈ కాలపు అలవాటు. మన తాతలు సంస్కృతాన్ని తెలుగు అక్షరాల్లోనే చదువుకున్నారు, దేవనాగరి ముఖం చూడకుండానే.

ఆ రాతిలో నాకు అంతకన్నా నచ్చేది తేదీల సంగతి. ఏ భాషవాళ్ళ లెక్క వాళ్ళదే. ఆ 1149 మే నెలను గ్రీకులు సృష్టి మొదలుకొని 6657 అంటారు. యూదులదీ సృష్టి లెక్కే, కానీ వాళ్ళకు 4909. ముస్లింలకు 544. ఒకే రోజు, ఒకే శవపేటిక, నాలుగు సంవత్సరాలు. మనవాళ్ళెవరైనా అక్కడుండి ఉంటే శాలివాహన శకం 1071 అని ఐదోది చెక్కించేవాళ్ళు.

వియన్నా వాసు
ఆదివారం, రాత్రి 10:21

అయ్యో, టైటిల్‌లోనే తప్పు రాశానన్నమాట. మార్చడం రావట్లేదు, అలాగే ఉంచుతున్నాను. చూసినవాళ్ళు కింద మీ దిద్దుబాటు చదువుతారు.

సందేహాల సుబ్బారావు
సోమవారం, ఉదయం 6:48

ఇలాంటి రాళ్ళు చూపించి "ఆహా, ఆ రోజుల్లో అందరూ ఎంత కలిసిమెలిసి ఉండేవారో" అనడం మామూలైపోయింది. కాస్త ఆగండి. సిసిలీని రెండు శతాబ్దాలకు పైగా ముస్లింలు ఏలారు. నార్మన్లు 1072లో పలెర్మోను కత్తితో పట్టుకున్నారు. వాళ్ళు చూస్తే గుప్పెడు మంది. జనం ముస్లింలు, గ్రీకు క్రైస్తవులు, యూదులు. పన్ను లెక్కలన్నీ అరబీలో ఉన్నాయి. గుమాస్తాలను తరిమేస్తే శిస్తు ఎవరు వసూలు చేస్తారు? అందుకని ఉంచుకున్నారు. దాన్ని సహనం అనొద్దు, అవసరం అనండి.

మరి ఆ అవసరం తీరాక ఏమైంది? 1161లో రాజు మీద తిరుగుబాటు లేస్తే, సందట్లో సడేమియా అని పలెర్మోలో ముస్లింలను ఊచకోత కోశారు. 1189లో రాజు పోగానే మళ్ళీ అదే. రోజర్ మనవడే రెండో ఫ్రెడరిక్, అరబీ వచ్చినవాడని పేరు. ఆయనే మిగిలిన ముస్లింలను ఇటలీలో లుచేరా అనే ఊరికి తరలించాడు. 1300లో ఆ ఊరినీ తుడిచిపెట్టి జనాన్ని బానిసలుగా అమ్మేశారు. 1492లో యూదులకు వెళ్ళిపొమ్మని ఆజ్ఞ. మీ రాయి మీద నాలుగు లిపులకు ఆఖరికి మిగిలింది ఒక్కటే కదా.

లిపి పిచ్చి
సోమవారం, ఉదయం 8:15

సుబ్బారావుగారి మాట కాదనలేను. ఆ రాయిలోనే దానికి సాక్ష్యముంది. కింది అరబీ భాగంలో రాజుకు బిరుదులున్నాయి: ఇటలీ, లొంబార్డీ, కలాబ్రియా, సిసిలీ, ఇఫ్రీకియాల (అంటే ఇప్పటి ట్యునీషియా వైపు ఆఫ్రికా తీరం) ప్రభువు అని. ఆ వెంటనే ఆయన "రోమ్ ఇమామ్"కు బలం ఇచ్చేవాడు, క్రైస్తవ మతానికి అండ అని. రోమ్ ఇమామ్ అంటే ఎవరనుకున్నారు, పోప్! మసీదు మాటలోనే పోప్‌ను చెప్పడం. రాసిన గుమాస్తా అరబీ ఆనుపానులు తెలిసినవాడు. చెప్పించుకున్నది మాత్రం, ఇక్కడ దొర ఎవరో గుర్తుంచుకోండి అని.

ఇంకో రాయి ఉంది. రోజర్ 1142లో నీటి గడియారం చేయించుకున్నాడు. దాని శాసనం ఇప్పటికీ పలెర్మో రాజభవనం గోడకుంది, మూడు భాషల్లో. లాటిన్‌లో పొడిపొడిగా: ప్రభువు రోజర్ ఆజ్ఞతో ఫలానా ఏడు, ఫలానా నెల చేశారు, అంతే. గ్రీకులో కవిత్వం: ఓహో ఏమి వింత, పారే నీటికి కళ్ళెం వేశాడు అంటూ. అరబీలో దర్బారు ఫర్మానా ఫక్కీ: ఆజ్ఞ వెలువడింది, దేవుడు ఆయన రోజులు కలకాలం నిలుపుగాక, సంవత్సరం 536. అనువాదం కాదిది. ఎవరి చెవికి ఏది ఇంపో ఆ పాట వాళ్ళకు.

ఓరుగల్లు ఖిల్లా
సోమవారం, మధ్యాహ్నం 1:40

లంచ్ టైమ్‌లో చదువుతున్నా, అన్నం చల్లారిపోయింది. సుబ్బారావు సార్, రాజుల సంగతి అలా ఉంచండి. మాటలు చూడండి, ఎంత దూరం నడిచాయో.

సిసిలీ మ్యాపు తీస్తే కల్టానిసెట్టా, కల్టాజిరోనె, కల్టాబెల్లోట్టా అని ఊళ్ళు. ఆ "కల్ట" అరబీ "ఖల్అ", కోట. అదే మాట పారసీ, ఉర్దూ మీదుగా మా దగ్గరికొచ్చి ఖిల్లా అయింది. నా పేరులో ఉన్నదదే! రోజర్ పన్నుల కచేరీని అరబీలో "దీవాన్" అనేవారు. అదే అక్కడి లాటిన్‌లో "దుఆనా". ఇవాళ ఇటలీ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ బోర్డు మీద "దొగానా" అని కనిపించేదీ ఆ దీవానే. మన దివాణం దానికి మేనత్త కూతురు.

ఇంకోటి. రోజర్ నౌకాదళానికి పెద్ద అంతియొక్ జార్జ్. గ్రీకు క్రైస్తవుడు, సిరియా వైపు నుంచి వచ్చి, ముందు ఆఫ్రికా తీరంలో మహదియా ముస్లిం అమీరు దగ్గర కొలువు చేసి, తర్వాత రోజర్ పంచన చేరాడు. ఆయన హోదాకు అమీర్ అనే అరబీ మాటనే లాటిన్ చేసి పెట్టారు. యూరప్ భాషల అడ్మిరల్ వచ్చింది ఆ అమీరు నుంచే. కనుక అమీర్‌పేటకూ అడ్మిరల్‌కూ చుట్టరికం ఉన్నట్టే. నమ్మకపోతే కోచింగ్ సెంటర్లో అడగండి.

గుంటూరు ఘాటు
సోమవారం, మధ్యాహ్నం 1:52

అమీర్‌పేటలో అడిగితే మూడు నెలల కోర్సు, ముందు ఫీజు కట్టమంటారు.

లిపి పిచ్చి
సోమవారం, మధ్యాహ్నం 2:30

ఖిల్లా తమ్ముడూ, ఎట్నా అగ్నిపర్వతాన్ని అక్కడివాళ్ళు మొంజిబెల్లో అంటారు. మొదట్లో ఉన్న మొన్, అంటే మొంతె, వాళ్ళ భాషలో కొండ, తర్వాతి జిబెల్ అరబీ జెబెల్, అదీ కొండే. కొండకొండ. మన "నడిసెంటర్" లాంటిదే. భాష మారుతున్నప్పుడు జనం రెండూ అనేస్తారు, ఎందుకైనా మంచిదని.

వియన్నా వాసు
సోమవారం, సాయంత్రం 7:05

సుబ్బారావుగారూ, మీరు చెప్పిన ఊచకోతల గురించి అక్కడ మ్యూజియంలో ఒక్క ముక్క కూడా నా కంట పడలేదు. థ్యాంక్స్. అయితే ఇబ్న్ జుబైర్ రాసింది కూడా పక్కన పెట్టి చూడాలి. ఆయన స్పెయిన్ ముస్లిం యాత్రికుడు, గ్రనాడా నుంచి బయల్దేరి మక్కా యాత్ర చేసుకొని తిరిగొస్తుంటే 1184 డిసెంబరులో ఓడ మెస్సీనా దగ్గర పగిలింది. ఒడ్డుకు చేర్చడానికి పడవలవాళ్ళు డబ్బు అడిగితే బీద ముస్లింల దగ్గర చిల్లిగవ్వ లేదు. అప్పుడు ఆ ఊళ్ళోనే ఉన్న రాజు రెండో విలియం, రోజర్ ఇంకో మనవడు, తన సొమ్ము ఇప్పించాడట. ఆ రాజుకు అరబీ చదవడం, రాయడం వచ్చనీ రాశాడు. పలెర్మోలో క్రిస్మస్ నాడు చూసింది ఇంకా బాగుంటుంది: క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీల మాదిరే ముసుగు వేసుకొని, గోరింట పెట్టుకొని, పట్టు బట్టల్లో చర్చికి వెళ్ళారట.

అదే మనిషి, రాజభవనంలో పైకి క్రైస్తవులుగా ఉంటూ లోపల దాక్కొని నమాజు చేసుకునే నౌకర్ల భయమూ రాశాడు. ఒకసారి భూకంపం వచ్చి భవనం ఊగితే, ప్రాణభయంతో నౌకర్లూ ఆడవాళ్ళూ అందరి నోటా అల్లా పేరే వచ్చిందట. రాజు వినేశాడు. వాళ్ళు వణికిపోతుంటే, ఎవరు కొలిచే దేవుణ్ణి వాళ్ళు తలుచుకోండి అన్నాడట. ఈ కథ ఆయన విని రాసింది, చూసింది కాదు. కానీ నాకు ఆ రాజు మాటకన్నా, అల్లా పేరు అంతకాలం గొంతులో అణుచుకొని బతికినవాళ్ళే ఎక్కువ గుర్తుండిపోయారు.

సందేహాల సుబ్బారావు
సోమవారం, రాత్రి 9:30

ఇది బాగుంది వాసుగారూ. దాక్కొని నమాజు చేసుకునే చోటును మనం సహజీవనం అనలేం, అలాగని ఒట్టి నరకమనీ అనలేం. ఒక్క మాటకు లొంగదు. ఇంతవరకూ ఒప్పుకుంటాను.

విశాఖ రేవు
సోమవారం, రాత్రి 11:15

లిపి పిచ్చిగారు చెప్పిన ఇఫ్రీకియా దగ్గర నాకు గంట మోగింది. రోజర్‌కు ఆ బిరుదు ఎలా వచ్చింది? ఖిల్లాగారు చెప్పిన జార్జే 1148లో మహదియా రేవును పట్టుకున్నాడు, ఒకప్పుడు తాను ఉప్పు తిన్న ఊరినే. సమాధి రాయి మీది ఆ తల్లి, అన్నా, చనిపోయింది ఆ ఏడే. ఇప్పుడు ఆ మహదియా నుంచి మన దేశం దాకా ఒక దారం ఉంది, చూడండి.

మహదియాలో పుట్టిన అబ్రహాం బెన్ యీజూ అనే యూదు వర్తకుడు 1130ల్లో మంగుళూరు తీరానికి వచ్చాడు. మిరియాలు, వక్కలు యెమెన్‌లోని ఏడెన్ రేవుకు పంపేవాడు. ఇత్తడి, కంచు సామాను చేయించే కార్ఖానా పెట్టాడు. ఏడెన్ నుంచి పాత పగిలిన గిన్నెలు వస్తే వాటిని కరిగించి కొత్తవి చేసి పంపడం. మా వీధిలో పాత సామాన్లకు స్టీలు గిన్నెలిచ్చేవాణ్ణి చూస్తే నాకు ఈయనే గుర్తొస్తాడు. ఆషు అనే ఇక్కడి ఆమెను చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. పదిహేడేళ్ళు ఉండి 1149లో ఏడెన్ తిరిగెళ్ళాడు. వెళ్ళీవెళ్ళగానే మహదియా పడిపోయిందని తెలిసింది. అన్నదమ్ములు ఉన్నారో పోయారో తెలీదు. సెప్టెంబరులో వాళ్ళకు జాబు రాశాడు. మన కుటుంబంలో మిగిలినవాళ్ళు నా దగ్గరకు రండి, నా దగ్గర ఉన్నది మనందరికీ చాలు, నా కూతుర్ని మనవాళ్ళకే ఇస్తాను అని.

ఆ అన్నదమ్ముల్లో ఒకడు ఎక్కడ తేలాడో తెలుసా? సిసిలీలో, మజారా ఊళ్ళో, చేతిలో చిల్లిగవ్వ లేకుండా. ఆ జాబు ఏ భాషలో? హీబ్రూ అక్షరాల్లో అరబీ! వాసు అన్న రాయి మీద పైన ఉన్నదే. అదీ 1149, ఇదీ 1149. తర్వాత సిసిలీ నుంచి అతని కొడుకు వచ్చి ఆ అమ్మాయిని చేసుకున్నాడు. మంగుళూరు తీరంలో పుట్టిన పిల్ల, సిసిలీ పెళ్ళికొడుకు.

లిపి పిచ్చి
మంగళవారం, ఉదయం 7:20

రేవుగారూ, ఈ జాబు నిలిచిన తీరు కూడా చెప్పాలి. దేవుడి పేరున్న కాగితాన్ని చించకూడదు, తగలెయ్యకూడదు అని కైరోలోని ఒక యూదు ప్రార్థనాలయంలో వందల ఏళ్ళు కాగితాలన్నీ ఒక కొట్టులో పడేశారు. జాబుల్లో మొదటే దేవుడి పేరు ఉంటుంది కాబట్టి అవీ అందులోకే. కిరాణా చీటీలు, అప్పుపత్రాలు, మొగుడూపెళ్ళాల తగాదాలు, అన్నీ. 1890ల చివర్లో అందులోంచి దాదాపు 2 లక్షల ముక్కలు కేంబ్రిడ్జికి చేరాయి. మన ఇళ్ళల్లో పంచాంగాన్ని కాలితో తొక్కితే కళ్ళకద్దుకుంటాం కదా, ఆ భక్తే వాళ్ళ చరిత్రను కాపాడింది. రాజులు రాళ్ళ మీద ఏం చెప్పుకున్నారో పలెర్మోలో చూడండి, జనం ఏం మాట్లాడుకున్నారో ఈ చెత్తకొట్టులో చూడండి.

కొలంబో కాపురం
మంగళవారం, ఉదయం 10:40

నేను మావారి ఉద్యోగం వల్ల కొలంబోలో ఉంటున్నాను. ఇక్కడి మ్యూజియంలో మూడు భాషల రాయి ఉంది. చైనా చక్రవర్తి పంపిన జెంగ్ హె అనే నౌకాధిపతి ఓడలవాళ్ళు తెచ్చిపెట్టినది, 1409 తేదీ వేసి ఉంటుంది. 1911లో గాలె ఊళ్ళో దొరికింది, అప్పటికి మురుగుకాల్వ మీద బోర్లించి మూతగా వాడుతున్నారట!

ఇందులో చైనీస్, తమిళం, పారసీ. లిపి పిచ్చిగారు గడియారం గురించి చెప్పగానే ఇది గుర్తొచ్చింది. చైనీస్‌లో ఆ కానుకలు బుద్ధుడికి. తమిళంలో తేనవరై నాయనార్‌కు, అంటే ఇక్కడి విష్ణువుకు. పారసీలో అల్లాకు. కానుకలు ముగ్గురికీ ఇంచుమించు అవే, చైనీస్ లెక్కలో బంగారం 1000, వెండి 5000, పట్టు, నూనె, దీపాలు అంటూ. పలెర్మోలో మూడు భాషలవాళ్ళకూ ఒక్క రాజు. ఇక్కడ మూడు భాషలకు ముగ్గురు దేవుళ్ళు. పెళ్ళికి వెళ్ళి ఆడపిల్లవాళ్ళకీ మగపిల్లవాళ్ళకీ ఒకే రకం చీర పెట్టినట్టు, ఎవరికీ తక్కువ చేయలేదు.

సందేహాల సుబ్బారావు
మంగళవారం, ఉదయం 11:05

అమ్మా, ఆ చీరలు పెట్టిన జెంగ్ హె 1411లో అదే లంకలో యుద్ధం చేసి, రాజును పట్టి చైనాకు తీసుకుపోయాడు. పక్కన అది కూడా రాసుకోండి.

కొలంబో కాపురం
మంగళవారం, ఉదయం 11:20

రాసుకున్నానండీ. పెళ్ళిళ్ళలో చీరలు పెట్టాక గొడవలు మామూలేగా.

మోటుపల్లి మనవడు
మంగళవారం, సాయంత్రం 4:10

వాసుగారి పోస్టులో ఓడ పగిలిన సంగతి చదివి రాస్తున్నాను. మా అమ్మమ్మగారి ఊరు మోటుపల్లి. కాకతి గణపతిదేవుడు అక్కడి రేవులో 1244లో అభయ శాసనం వేయించాడు. దాని సారం ఇది: ఇంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవారు, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏదుంటే అది. మేం అలా చేయం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం అని. కింద చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, పట్టు, పగడం, మిరియాలు, ఒక్కోదానికి ఎంత సుంకమో చిట్టా.

ఎక్కడెక్కడి భాషలవాళ్ళు అక్కడ దిగేవారో శ్రీనాథుణ్ణి చదివితే ఊహించుకోవచ్చు. ఆయన హరవిలాసాన్ని అంకితం ఇచ్చింది రాజుకు కాదు, అవచి తిప్పయ్య సెట్టి అనే వ్యాపారికి. ఆ సెట్టి సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీని నుంచి పట్టు తెప్పించేవాడట. హురుముంజి అంటే హోర్ముజ్. పరదేశపు ఊరిపేరును మన కవి నోట్లో వేసుకొని ఛందస్సులో ఒదిగేలా నమిలాడు. ఇప్పుడు మా ఊరికి వెళ్తే రేవూ లేదు, ఓడలూ లేవు. గుడి, రాయి, సరుగుడు తోటలు.

ఓరుగల్లు ఖిల్లా
మంగళవారం, సాయంత్రం 6:30

కాకతీయుల మాట వచ్చింది కాబట్టి ఒకటి. చాళుక్యులకు సామంతులుగా ఉన్న రోజుల్లో మావాళ్ళు కన్నడంలో శాసనాలు వేశారు. దొర భాష అది. సొంత రాజ్యం వచ్చాక తెలుగు పెరిగింది. రోజర్‌ను తప్పుపట్టే ముందు మన రాళ్ళు కూడా తిరగేసి చూద్దాం. పేర్ల సంగతి కూడా అంతే. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవుల నోట మల్కిభరాముడు అయ్యాడు. అక్కడ రోజర్ అరబీలో రుజార్.

మాల్టా మల్లి
మంగళవారం, రాత్రి 11:50

చాలా రోజులుగా చదవడమే, ఈ వేదికలో రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమనుకోకండి. నేను మాల్టాలో ముసలివాళ్ళను చూసుకునే పనిలో ఉన్నాను. సుబ్బారావుగారు ఆ రాతి మీద చివరికి ఒక్క లిపే మిగిలింది అన్నారు కదా. సిసిలీకి కింద ఉన్న చిన్న దీవే ఇది. సిసిలీలో పోయిన అరబీ ఇక్కడ బతికే ఉంది. మాల్టీస్ అంటారు. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు, పైన కొన్నిటికి చుక్కలు, గీతలు ఉంటాయి. ఇటాలియన్ మాటలు బోలెడు కలిశాయి. కానీ నీళ్ళు ఇల్మా, ఇల్లు దార్. నాతో పనిచేసే మొరాకో అమ్మాయి సగం అర్థం చేసుకుంటుంది.

ఇక్కడ జనంలో చాలామంది క్యాథలిక్కులే. దేవుణ్ణి అల్లా అంటారు! మొదటిరోజు చర్చిలో విని బిత్తరపోయాను. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసాన్ని రందాన్ అంటారు. ఈస్టర్‌ను ఈద్ లాంటి మాటతోనే పిలుస్తారు.

లిపి పిచ్చి
బుధవారం, ఉదయం 6:10

మల్లిగారూ, రాత్రంతా నిద్ర పట్టలేదు మీ పోస్టు చదివి. రందాన్ అంటే రంజాన్! అక్కడ 1149లో హీబ్రూ అక్షరాల్లో అరబీ, ఇక్కడ ఇవాళ రోమన్ అక్షరాల్లో అరబీ, పైగా క్యాథలిక్ ప్రార్థన. మీరు చూసుకునే పెద్దవాళ్ళకు ఆ మాట ఎక్కడిదో తెలుసా? వీలైతే అడుగుతారా?

మాల్టా మల్లి
బుధవారం, రాత్రి 10:25

అడిగానండీ. ఆవిడకు తొంభై దాటాయి. రందాన్ అనే మాట మీకు ఎక్కడిది అంటే, నా వంక వింతగా చూసి "మా అమ్మ అనేది" అంది. జావ తాగించి పడుకోబెట్టాను.